గుర్తుండిపోయే దృశ్యం, గుర్తులేకుండా పోయే స్త్రీ

(జక్రాన్‌పల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న చోట సినిమా కబుర్లేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. బీడీ కార్మికుల ప్రావిడెంట్ ఫండు, కూలి రేట్లు, భూమి పట్టా, ఇంట్లో హింస - ఇన్ని సమస్యలుండగా సినిమా ఎందుకు? మనం ఒక ఊరికి వెళ్ళి చట్టం గురించి గంటసేపు చెప్పింది మరునాటికి చాలామందికి గుర్తుండదు. సినిమాలో రెండు నిమిషాల దృశ్యం ముప్పై ఏళ్ళయినా గుర్తుంటుంది. అంత బలమైనది మన మనసుల్లో ఏం నాటుతోందో చూడకుండా మనం చైతన్యం గురించి మాట్లాడలేం.

ఈ ప్రాంతంలో స్త్రీల చేతులు ఖాళీగా ఉండవు. పసుపు తవ్వే రోజుల్లో చేనులో కొమ్ములు ఏరే చేతులు, మిగతా రోజుల్లో ఒడిలో చాట పెట్టుకుని తునికాకు చుట్టే చేతులు. చేతులు పనిలో ఉన్నా చెవి, కన్ను కథ వైపే ఉంటాయి. ఒకప్పుడు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలోకి వీసీఆర్ వచ్చింది. తర్వాత టీవీ, ఇప్పుడు ఫోను. యంత్రం మారింది గానీ బీడీలు చుడుతూ సినిమా చూడటం మారలేదు.

ఒక విషయం గమనించండి. సినిమా మొత్తం కథ చెప్పమంటే తడుముకుంటాం. ఒక్క సీను చెప్పమంటే కళ్ళకు కట్టినట్టు చెప్తాం. ఎందుకని? నాకు మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, అలాంటి దృశ్యంలో మాట కన్నా చేత ముందుంటుంది. ఒక రాయి విసరడం, ఒక తాళి కట్టడం, ఒక కాలు తొక్కడం. ఒక్క వాక్యంలో పక్కింటావిడకు చెప్పేయవచ్చు. రెండు, మనం లోపల అణచుకున్నదాన్ని అక్కడెవరో బయటకు చేసి చూపిస్తారు. మూడు, అది మళ్ళీ మళ్ళీ మన ముందుకు వస్తుంది. పాటగా, మిమిక్రీగా, పెళ్ళి పందిట్లో డాన్సుగా, ఇప్పుడు ఫోన్లో ముక్కలుగా.

అయితే ఇలా ముక్కగా నిలిచిపోవడంలో ఒక నష్టం ఉంది. దృశ్యం మిగులుతుంది, ఆ దృశ్యానికి ముందూ తర్వాతా ఆ స్త్రీకి ఏమైందన్నది రాలిపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీకు తెలిసిన సినిమాలతోనే చెప్తాను.

శశిరేఖలోని ఘటోత్కచుడు

1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' చూడని తెలుగు ఇల్లు లేదు. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. పైకి సావిత్రి, లోపల ఎస్.వి. రంగారావు. ఆ పాటలో ఆడపిల్ల నడక కాస్తా రాక్షసుడి నడకవుతుంది. భుజాలు విరుచుకుంటుంది, మళ్ళీ చప్పున సిగ్గు పడుతుంది. పెళ్ళి పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కి నలిపేస్తుంది. రేలంగి ముఖం చూసి హాలంతా నవ్వుతుంది. 2018లో సావిత్రి జీవితం మీద 'మహానటి' తీసినప్పుడు కూడా ఆ దృశ్యాన్ని మళ్ళీ చిత్రించకుండా ఉండలేకపోయారు.

ఆడవాళ్ళకు ఈ సీను ఎందుకింత ఇష్టం? పెళ్ళిపీటల మీద తల వంచుకుని కూర్చోవాలని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. అక్కడ ఒక పెళ్ళికూతురు తల ఎత్తి, తనకు ఇష్టంలేని వరుడి కాలు తొక్కుతోంది. మనందరం చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని అది.

కానీ అసలు శశిరేఖ సంగతేమిటి? పాండవులు రాజ్యం పోగొట్టుకున్నారని తెలియగానే పెద్దలు మాట మార్చారు. మేనరికం తప్పించి దుర్యోధనుడి కొడుక్కి ఇస్తామన్నారు. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. ఆ పిల్లను మంచంతో సహా ఎత్తుకుపోతే గానీ ఆమెకు విడుదల లేదు. ఎదిరించే పని చెయ్యడానికి ఆమె శరీరంలోకి ఒక మగ రాక్షసుడు రావలసివచ్చింది. స్త్రీ శరీరంతో ధైర్యం చూపించవచ్చు గానీ ఆ ధైర్యం స్త్రీది కాకూడదన్నమాట. సావిత్రి నటనకు చేతులెత్తి దండం పెడదాం. నవ్వుకుందాం కూడా. నవ్వాక మన ఆడపిల్లలను ఒక మాట అడుగుదాం: ఘటోత్కచుడు రాకపోతే శశిరేఖ ఏం చేసేది?

దానికి జవాబు అంతకు 18 ఏళ్ళ ముందే తెలుగు తెర మీద ఉంది. కాళ్ళకూరి నారాయణరావు వరకట్నం మీద రాసిన 'వరవిక్రయం' నాటకాన్ని 1939లో చిత్తజల్లు పుల్లయ్య సినిమాగా తీశారు. భానుమతికి అదే మొదటి చిత్రం. ఆమె వేసిన కాళింది, కట్నమిచ్చి చేసే పెళ్ళి వద్దని బావిలో పడి చనిపోతుంది. ఆమె చెల్లెలు కమల పెళ్ళి చేసుకుంటుంది గానీ అత్తవారింటికి వెళ్ళదు. డబ్బిచ్చి కొన్నాం కనుక కొన్నవస్తువు మా ఇంటికే రావాలంటుంది, కోర్టులో వాదిస్తుంది. ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకే అన్యాయానికి రెండు సమాధానాలు. ఏడిపించే అక్క మనకు తెలుసు, ఆమెలాంటివాళ్ళను ఆ తర్వాత వందల సినిమాల్లో చూశాం. వాదించే చెల్లెలి సీను ఎంతమందికి తెలుసు? మన పెద్దలు గుర్తుపెట్టుకొమ్మని అందించింది ఆడదాని చావునే గానీ ఆడదాని వాదనను కాదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కమల మాత్రం అంతకు ముందే కోర్టు మెట్లెక్కింది.

అడగకుండా కట్టిన తాళి

1986లో వచ్చిన కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' మంచి మనసుతో తీసిన సినిమా. మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి కూడా వెళ్ళింది. అందులో అందరికీ గుర్తుండేది గుళ్ళో సీను. సీతారాముల కల్యాణం జరుగుతుంటుంది. లోకజ్ఞానం లేని శివయ్య, చిన్న వయసులోనే భర్త పోయి కొడుకుతో పుట్టింట మాటలు పడుతున్న లలిత మెడలో తాళి కట్టేస్తాడు. మేళాలు, జనం, నిర్ఘాంతపోయిన లలిత ముఖం. కమలహాసన్, రాధిక ఇద్దరూ గొప్పగా చేశారు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. దానికి వందేళ్ళు దాటాక వచ్చిన ఈ సినిమా కూడా వితంతువుకు జీవితం ఉందని చెప్పింది. సంతోషం. కానీ ఆ సీనులో లలితను ఎవరైనా అడిగారా? శివయ్య అమాయకుడు, ఆయనను తప్పుపట్టలేం. సినిమా తీసినవాళ్ళు అమాయకులు కారు, చూసి కన్నీళ్ళు పెట్టుకున్న మనమూ అమాయకులం కాము. మంచివాడు కడితే అడగనక్కరలేదనే భావం ఆ మేళాల చప్పుడులో మన మనసులోకి దూరిపోయింది. అదే తాళి ఒక రౌడీ కట్టి ఉంటే దౌర్జన్యమని అందరం ఒప్పుకునేవాళ్ళం. అడగకపోవడం ఇద్దరిలోనూ ఒకటే.

ఇది చిన్న విషయం కాదు. అమ్మాయి వద్దన్నా వెంటపడటం, కాలేజీ దగ్గర దారి కాయడం, చివరికి ఆమె నవ్వడం - దీన్ని ప్రేమ అని చూపించిన సినిమాలను లెక్కపెట్టలేం. ఆ సీన్లు చూసి పెరిగిన కుర్రవాడికి 'వద్దు' అనే మాట వినబడదు. అతని వల్ల చదువు మానేసిన పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారు. ఇష్టం లేదని చెప్పినా వెంటపడటం 2013 నుంచి ప్రత్యేక నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. కానీ సెక్షను నంబరు చెప్తే పిల్లలకు గుర్తుండదు. ఆ సీను చూపించి, ఇక్కడ ఆ అమ్మాయి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని అడగండి. అప్పుడు గుర్తుంటుంది.

గడీ లోపల

ఇక మన తెలంగాణ సినిమాలకు వద్దాం. 1974లో శ్యామ్ బెనెగల్ 'అంకుర్' తీశారు. ఆయన 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన మన తిరుమలగిరిలో పుట్టినవారే, 'అంకుర్'లో మాట దక్కనీ హిందీ, ఊరు మన ఊరు. దొర కొడుకు సూర్య, పనిమనిషి లక్ష్మి, మూగ చెవిటి అయిన ఆమె భర్త కిష్టయ్య. ఈ సినిమాలో అందరూ చెప్పుకునేది చివరి సీను. ఒక చిన్నపిల్లవాడు దొర ఇంటి కిటికీ అద్దం మీద రాయి విసిరి పరిగెత్తుతాడు, తెర ఎర్రబారుతుంది. తిరుగుబాటుకు అది మొలక అని ఎందరో రాశారు. నిజమే.

కానీ ఆ రాయికి ముందు ఏం జరిగింది? లక్ష్మి గర్భవతి అయింది, సూర్య తీయించుకొమ్మన్నాడు, లక్ష్మి ఒప్పుకోలేదు. కిష్టయ్య పని అడగడానికి వస్తే సూర్య తన తప్పుకు తానే భయపడి కొరడాతో కొట్టాడు. లక్ష్మి అడ్డంపడి, ఊరంతా వింటుండగా దొరను నిలదీసింది, శపించింది. రాయి విసిరింది పిల్లవాడైనా ఆ భయాన్ని ముందు పగలగొట్టింది లక్ష్మి గొంతు. షబానా ఆజ్మీకి ఆ వేషానికి జాతీయ అవార్డు వచ్చింది. అయినా మనకు గుర్తుండిన చెయ్యి పిల్లవాడిదే.

దీని పక్కన 1988లో బి. నరసింగరావు తీసిన 'దాసి'ని పెట్టి చూడండి. 1920ల నాటి గడీ. దొరసానితో పాటు అరణంగా వచ్చిన ఆడబాప కమలాక్షి. మాటలు చాలా తక్కువ, పనులు మాత్రం తెల్లవారినప్పటి నుంచీ ఉంటాయి. ఆమె కడుపున దొర బిడ్డ పడితే గడీ ఆజ్ఞ ప్రకారం ఆ కడుపు తీయించేస్తారు. ఆ బాధతోనే సినిమా ముగుస్తుంది. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన పాత్ర అది. ఆ చివరి దృశ్యం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు, మళ్ళీ చూడమంటే చూడలేరు కూడా.

లక్ష్మిని తీయించుకొమ్మంటే తీయించుకోలేదు. కమలాక్షికి కాదనే వీలే లేదు. రెండు సినిమాల్లోనూ ఆ గర్భం మీద నిర్ణయం తనదేనని దొరతనం అనుకుంది. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఎవరు చెప్పాలి? 1971 నాటి చట్టం ప్రకారం కూడా వయసొచ్చిన స్త్రీకి ఆమె సమ్మతి లేకుండా గర్భం తీయకూడదు. ఆడపిల్లని తెలిసి తీయించుకొమ్మనే ఇంటికీ ఈ గడీకీ తేడా ఎంత? 'దాసి' చూపించినప్పుడు గడీ రోజులు పోయాయి కదా అని ఎవరైనా అంటే ఈ ప్రశ్న వేయండి.

ఇంకో మాట. 'దాసి' వచ్చిన 1988లోనే ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం వచ్చింది. మన నిజామాబాద్ జిల్లాకు ఆ చట్టం పుస్తకంలో మాట కాదు. దేవుడి పేరు చెప్పి దళిత పిల్లలను జోగినులను చేసిన ఊళ్ళు ఇక్కడ ఉన్నాయి. తాళి దేవుడిది, ఆడపిల్ల ఊరందరిదీ. తెర మీద కమలాక్షిని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఎందరు తమ ఊరి జోగినిని బొట్టు పెట్టి పేరంటానికి పిలిచారు?

ఇప్పుడు 'మా భూమి'. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన చిత్రం. క్రిషన్ చందర్ నవల దీనికి ఆధారం. ఆ సినిమా అనగానే గద్దర్ కళ్ళ ముందు నిలుస్తారు. గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని బండి యాదగిరి పాట పాడతారు. గద్దర్ 2023లో మనల్ని వదిలి వెళ్ళినప్పుడు ఊరూరా మళ్ళీ ఆ పాటే మోగింది. అది మన పాట, అందులో సందేహం లేదు.

అదే సినిమాలో చంద్రి ఉంది. రామయ్య ప్రేమించిన పేద పిల్ల. దొరతనానికి లొంగక తప్పని స్థితి ఆమెది. అది తెలిసి రామయ్య ఊరు విడిచి వెళతాడు. పట్నంలో కార్మికుడవుతాడు, ఉద్యమంలోకి వస్తాడు, వీరుడవుతాడు. ఆమెకు జరిగిన అన్యాయం అతని ప్రయాణానికి మొదటి మెట్టయింది. మెట్టు ఎక్కినవాడు గుర్తున్నాడు, మెట్టు గుర్తులేదు.

ఇది ఒక్క సినిమా లోపం కాదు, చరిత్ర రాసే పద్ధతే అది. అందుకే స్త్రీశక్తి సంఘటన మిత్రులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు స్వయంగా వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అచ్చువేశారు. ఆ పుస్తకం చదివాక 'మా భూమి' మళ్ళీ చూడండి. చంద్రి ఏమైందన్న ప్రశ్న మిమ్మల్ని వదలదు.

గొడ్డలి, వాంగ్మూలం

1985లో టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' గురించి చెప్పకుండా ముగించలేను. విజయశాంతి ఝాన్సీ అనే లెక్చరర్. నడివీధిలో ఆమెను వివస్త్రను చేస్తాడు కాళి. తరగతి గదికి వెళితే విద్యార్థులు బోర్డు మీద బూతు బొమ్మ వేసి ఉంచుతారు. ఆమె దానికి పాటతో జవాబు చెబుతుంది. వేటూరి రాసిన ఆ పాటను జానకి పాడితే కుర్రవాళ్ళు తల దించుకున్నారు, తెర మీదా, హాల్లోనూ. చివర పదవిలోకి వచ్చిన కాళిని సన్మాన సభలోనే ఆమె గొడ్డలితో నరుకుతుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కడుపు మంట అలాంటిది.

అయితే కాళి ఆమె మీద ఎందుకు పగపట్టాడు? అతను పట్టపగలు చేసిన హత్యను చూసి, అందరూ నోరు మూసుకున్నచోట ఆమె సాక్ష్యం చెప్పింది. వెనక్కు తీసుకొమ్మంటే తీసుకోలేదు. ఇంటి నుంచి కూడా అండ దొరకలేదు. నా దృష్టిలో ఆ సినిమాలో అసలైన ప్రతిఘటన అక్కడ ఉంది. కానీ వాంగ్మూలం మీద సంతకం పెట్టడం చూడటానికి చప్పగా ఉంటుంది, గొడ్డలి చప్పగా ఉండదు. అందుకే గొడ్డలి మిగిలింది.

మన పని ఆ చప్పని సీనులోనే ఉంది. స్టేషనుకు తోడుగా వెళ్ళడం, ఫిర్యాదు తీసుకోనంటే కదలకుండా కూర్చోవడం, వాయిదా రోజున కూలి పోయినా సాక్షి వెంట కోర్టుకు పోవడం. ఝాన్సీ వెంట ఆ రోజు పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఉంటే ఆమె గొడ్డలి పట్టవలసి వచ్చేదా? ఈ ప్రశ్న వేయడానికే మన సంఘాలున్నాయి.

పీట దొరికింది, వాటా?

కొత్త సినిమా ఒకటి. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం'. ఊళ్ళో తెర కట్టి అందరూ కలిసి చూసిన ఊళ్ళు మన చుట్టూ ఉన్నాయి. చావింట్లో బుడగ జంగాల పాట, ఏళ్ళ తరబడి మాటల్లేని తోబుట్టువులు ఏడ్చి ఒకటవడం. మన భాషలో, మన దినాల పద్ధతిలో తీశారు కనుక మనింట్లో జరిగినట్టే అనిపించింది. అది చూసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారని విన్నాం, మంచిదే.

కన్నీళ్ళు తుడుచుకున్నాక ఒక ప్రశ్న. ఆడబిడ్డకు పుట్టింట్లో పీట దొరికింది, వాటా దొరికిందా? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉంది, అప్పటికే పెళ్ళయినవారికి తప్ప. 2005లో కేంద్ర చట్ట సవరణ ఆ మినహాయింపు తీసేసింది. తండ్రి 2005కు ముందే చనిపోయినా ఆ హక్కు పుట్టుకతో వచ్చిందేనని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం ఇన్ని మెట్లెక్కింది. మనం మాత్రం అన్న మొహం చూసి సంతకం పెట్టేసి వస్తున్నాం, చీర పెట్టాడు చాలనుకుంటున్నాం. తోబుట్టువుల ప్రేమను ఎవరూ కాదనరు. వాటా అడిగితే చచ్చిపోయే ప్రేమ అయితే అది ఎంతటిదో మనమే తేల్చుకోవాలి.

సమావేశాల్లో ఏం చేద్దాం?

సినిమా చూడొద్దని చెప్పడానికి నేను రాలేదు. చూడండి, నవ్వండి, ఏడవండి. సంఘం సమావేశంలో ఒక సీను వేసి, అయ్యాక ఆపండి. పెద్ద చర్చ అక్కరలేదు. నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: ఈ సీనులో పని చేసిన చెయ్యి ఎవరిది?
రెండు: ఆమెను ఎవరైనా అడిగారా?
మూడు: దీనికి ముందు ఆమె ఏం చేసింది, తర్వాత ఆమెకు ఏమైంది?
నాలుగు: ఇదే మన వాడలో జరిగితే మనం ఎవరి దగ్గరకు పోతాం?

నాలుగో ప్రశ్నకు జవాబు ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చేదాకా అడగండి. స్త్రీల హెల్ప్‌లైను 181. ఉచిత న్యాయ సహాయానికి 15100. న్యాయ సహాయం పొందడానికి స్త్రీలకు ఆదాయ పరిమితి లేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే అవ్వకూ అది హక్కే.

చివరిగా ఒక దృశ్యం, సినిమాలోది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై సారా దుకాణం మూయించారు. అది అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. రాత్రి బడిలో కూడబలుక్కుని చదివిన స్త్రీలు, ఇది మన ఊరి సంగతే కదా అనుకున్నారు. తమ ఊళ్ళో దుకాణం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. 1992లో జిల్లా కదిలింది, తర్వాత రాష్ట్రం కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ దృశ్యంలో హీరో లేడు, మేళాలు లేవు. చెయ్యీ వాళ్ళదే, గొంతూ వాళ్ళదే, ముందూ తర్వాతా వాళ్ళదే. పాఠంలో చదివిన దృశ్యాన్ని వాళ్ళు తమ ఊళ్ళో తామే జరిపించారు.

అలాంటి దృశ్యాలు ఈ మండలంలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. బీడీ కార్ఖానా ముందు ఆకు తక్కువ ఇచ్చారని కూర్చున్నది ఎవరు? చిన్నపిల్ల పెళ్ళి ఆపించింది ఎవరు? పేర్లు, తారీఖులు రాసి పెట్టండి. మనం రాయకపోతే అవి కూడా చంద్రిలాగే రాలిపోతాయి.